కట్ట వేసింది మంచు

“మామయ్యా, ఈ చెరువుకు కట్ట ఎవరు వేశారు?”

బల్గేరియాలోని రిలా పర్వతాల్లో, 2,282 మీటర్ల ఎత్తున ఉన్న బాబ్రెకా సరస్సు ఒడ్డున నా మేనకోడలు అడిగిన ప్రశ్న ఇది. రాజధాని సోఫియా నుంచి పొద్దున్నే బయలుదేరి, దాదాపు వంద కిలోమీటర్లు కారులో వచ్చి, కుర్చీల రోప్‌వే ఎక్కి, అక్కడి నుంచి నడిచాం. చీకటి పడేలోగా మళ్లీ నగరానికి చేరుకోవచ్చు.

నెల్లూరు పిల్లకు ఆ ప్రశ్న రావడం సహజం. మాకు చెరువంటే కట్ట, తూము, కలుజు. నీరు ఊరికే నిలవదని, ఎవరో ఎప్పుడో మట్టి మోస్తేనే నిలిచిందని చిన్నప్పటి నుంచీ తెలుసు. కంభం చెరువు చూసినవాళ్లకైతే కొండల మధ్య సందును మూస్తే ఎంత నీరు ఆగుతుందో కూడా తెలుసు.

రిలాలో ఏడు సరస్సులు మెట్లు మెట్లుగా ఉంటాయి. అన్నిటికన్నా పైన 2,535 మీటర్ల ఎత్తున సల్జాటా, అంటే కన్నీటిబొట్టు. అన్నిటికన్నా కింద 2,095 మీటర్ల దగ్గర దోల్నోటో, అంటే దిగువది. పైది నిండి పొర్లిన నీరు వాగై కిందిదానిలోకి దిగుతుంది. అచ్చంగా మన గొలుసుకట్టు చెరువులే!

కట్ట వేసింది మాత్రం మంచు. దాదాపు 20,000 ఏళ్ల కిందట, మంచుయుగం ముదిరిన కాలంలో, కొండ నీడనున్న పల్లాల్లో పడిన మంచు వేసవికి కరగలేదు. దాని మీద మరుసటి ఏడాది పొర, ఆపైన ఇంకొకటి. ఆ బరువుకు లోపలి గాలి బయటికి పోయి, మెత్తని మంచు గట్టి గడ్డ అయింది. గడ్డ మందం కొన్ని పదుల మీటర్లు దాటితే తన బరువుకు తానే సాగి, చాలా నెమ్మదిగా కిందికి కదులుతుంది. అదే హిమానీనదం.

ఒట్టి మంచు రాతిని కోయలేదు. రాతిని కోసేది రాయే. పగుళ్లలోకి దిగిన నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం ఉబ్బి రాతిని చీలుస్తుంది. ఆ ముక్కలు మంచుకు అతుక్కుని ఊడివస్తాయి. మంచు అడుగున ఇరుక్కుని, ఉప్పుకాగితంలా కింది రాతిని అరగదీస్తాయి. పగుళ్లున్న చోట గుంట లోతవుతుంది, గట్టి రాయి ఉన్న చోటు గడపలా మిగులుతుంది. ఆ గుంటల్లో ఓకోటో, అంటే కన్ను, 37.5 మీటర్ల లోతు. కరుగుతూ వెనక్కి తగ్గిన మంచు తాను మోసుకొచ్చిన రాళ్లనూ మట్టినీ అంచుల్లో కుప్పలుగా వదిలేస్తుంది. ఆ కుప్పలను మొరైన్ అంటారు.

హిమానీనదం ఇంకా ఉన్న చోట నీటిలో రాతిపిండి కలిసి, సరస్సు పాలు కలిపినట్టు ఉంటుంది. రిలాలో ఇప్పుడు హిమానీనదాలు లేవు. తిరగలి ఆగిపోయింది కాబట్టే అక్కడ నీళ్లు అంత తేట.

మొరైన్ కట్టను నమ్మలేం. 2023 అక్టోబరులో సిక్కింలోని సౌత్ ల్హోనాక్ సరస్సులోకి ఒడ్డు విరిగిపడి, లేచిన అలకు కట్ట తెగింది. తుపాను రాత్రి చెరువు కట్ట మీద కాపలా కాసిన ఊళ్లవాళ్లకు ఆ భయం వేరే చెప్పక్కరలేదు.

ఆ మంచు కథలో మన తీరం కూడా ఉందని మా పిల్లకు తిరుగు దారిలో చెప్పాను. మంచుయుగంలో భూమ్మీది నీరు అంతగా గడ్డకట్టినందువల్ల సముద్రమట్టం ఇప్పటికన్నా దాదాపు 120 మీటర్లు కిందికి పోయింది. అందులో రిలా మంచు వాటా బొట్టంత. అధిక భాగం ఉత్తర అమెరికా, ఉత్తర ఐరోపాలను కప్పిన మంచుదే. అది కరిగేకొద్దీ సముద్రం పైకి వచ్చింది. దాదాపు 7,000 ఏళ్ల కిందట ఆ పెరుగుదల బాగా నెమ్మదించాక, మన తీరంలో అలలు ఇసుకను దిబ్బలుగా పేర్చాయి. ఆ ఇసుక మేటే శ్రీహరికోట. దాని వెనక ఆగిన ఉప్పునీరే పులికాట్, 2022లో జిల్లాలు విడిపోయేదాకా అధిక భాగం నెల్లూరు జిల్లాలోనే ఉన్న సరస్సు. కొండల్లో గుంటలు తవ్వించిన చలికాలమే, ముగుస్తూ ఇక్కడ ఇసుక కట్ట వేయించింది.

“అయితే మన కట్ట పని అయిపోయిందా?” అంది.

అవలేదు. అలలు ఇంకా ఇసుకను తోస్తూనే ఉన్నాయి. సముద్రపు నీరు లోపలికి వచ్చే ముఖద్వారాలు పూడుకుపోతుంటే, చేపలూ రొయ్యలూ తగ్గిపోతున్నాయని, పూడిక తీయమని పులికాట్ మత్స్యకారులు ఏళ్లుగా అడుగుతున్నారు.