కాన్‌వైలర్‌ను వెతుకుదాం

ప్రియమైన పిల్లలూ,

నేను పంపిన బొమ్మలో మనిషే లేడని మీరందరూ రాశారు. ఉన్నాడు. ఆయన పేరు డేనియల్ హెన్రీ కాన్‌వైలర్. 1910లో పారిస్‌లో చిత్రకారుడు పికాసో వేసిన ఆ చిత్రం ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది.

ముందుగా ముఖం కోసం వెతకకండి. కింది నుంచి మొదలుపెట్టండి. అడుగున, నడిమధ్యన, ఒకదానిలో ఒకటి చేర్చుకున్న రెండు చేతులున్నాయి. అవి దొరికితే ఆయన కూర్చున్న తీరు తెలిసిపోతుంది. చూపును మెల్లగా పైకి తీసుకెళితే కోటు మీద గడియారపు గొలుసు, ఇంకా పైన అలలా దువ్విన జుట్టు కనిపిస్తాయి. ఆ చేతులకూ ఈ జుట్టుకూ మధ్య ఉన్నదంతా ఆయనే!

పికాసో ఎందుకిలా వేశాడు? మీ అమ్మమ్మను తలచుకోండి. వంట చేస్తున్నప్పటి పక్క ముఖం, బట్టలు ఆరేస్తున్నప్పటి వీపు, మిమ్మల్ని పిలిచేటప్పటి కళ్ళు, అన్నీ కలిసే గుర్తొస్తాయి కదా. ఫోటోకు ఒక్క క్షణమే అందుతుంది. కాన్‌వైలర్ ఈ చిత్రం కోసం ముప్పై సార్ల దాకా వచ్చి కూర్చున్నాడని చెబుతారు. అన్నిసార్లు చూసిన మనిషిని ఒకే కాన్వాసు మీదికి తేవాలంటే రూపాన్ని విడదీసి మళ్ళీ కూర్చక తప్పదు. రంగులు మన చూపును లాగేసుకోకూడదని కాబోలు, గోధుమ, బూడిద రంగులతోనే సరిపెట్టాడు. వెలుగు కూడా ఒక వైపు నుంచి పడదు. విడదీసిన రూపంలోని ముక్కలు చిన్న చిన్న పలకల్లా ఉంటాయి కదా, ప్రతి పలకకూ దాని వెలుగు, దాని నీడ ఉంటాయి. కొన్ని పలకల అంచులను మూయకుండా వదిలేశాడు. అందుకే కోటు ఎక్కడ ముగిసిందో, గది ఎక్కడ మొదలైందో చెప్పలేం. నాకు ఈ చిత్రంలో అన్నిటికంటే ఇష్టమైనది అదే.

కాన్‌వైలర్ జర్మనీలో పుట్టి, 1907లో పారిస్‌లో చిత్రాలు అమ్మే చిన్న గ్యాలరీ తెరిచాడు. మరుసటి ఏడాది జార్జ్ బ్రాక్ అనే మరో చిత్రకారుడి చిత్రాలను అక్కడే ప్రదర్శించాడు. వాటిని చూసిన విమర్శకుడు లూయీ వోసెల్ బ్రాక్ అన్నిటినీ ఘనాలుగా, అంటే క్యూబులుగా, మార్చేశాడని ఎగతాళిగా రాశాడు. రూపాన్ని ఇలా విడదీసి వేసే పద్ధతికి క్యూబిజం అన్న పేరు అలా మొదలైంది. పెద్దగా ఎవరూ కొనని రోజుల్లో ఆ చిత్రాలను నమ్మి కొన్నవాడు కాన్‌వైలర్. అలాంటి మనిషి కాబట్టే తన ముఖాన్ని ఇలా విడదీస్తుంటే ఓపికగా కూర్చున్నాడని నేననుకుంటాను.

ఇప్పటికీ ఆయన దొరకకపోతే, 1910లోనే పికాసో పూర్తిచేసిన, ఆంబ్రువాజ్ వొలార్ అనే మరో చిత్రాల వ్యాపారి చిత్రం చూడండి. అది మాస్కోలోని పుష్కిన్ మ్యూజియంలో ఉంది. అందులో విశాలమైన బట్టతల, వాలిన కనురెప్పలు తేలిగ్గానే దొరుకుతాయి. తర్వాత మళ్ళీ కాన్‌వైలర్ దగ్గరికి రండి. ఆయన కళ్ళు ఎక్కడున్నాయో మీలో ప్రతి ఒక్కరూ విడివిడిగా నాకు రాయండి.

ప్రేమతో,
తాతయ్య