సగంలో ఆగిన పాత కారు - పూర్తి చేయాలా, అమ్మేయాలా: కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత కార్లను బాగుచేసే మా షెడ్డుకు కొత్తగా పని మొదలుపెట్టించే వారికంటే, వేరెక్కడో మొదలై సగంలో ఆగిపోయిన కారును ఏం చేయాలో తోచక వచ్చేవారే ఎక్కువ. వారందరికీ నేను చెప్పేది ఒకటే. ఇప్పటిదాకా ఎంత పెట్టారన్నది పక్కన పెట్టి, ఇక ముందు ఎంత పెట్టాలన్నది చూడండి. ఆ లెక్క తేలాలంటే మొదట కాగితాలు, తర్వాత బాడీ, చివరికి ఇంజిన్ చూడాలి. చాలామంది దీన్ని సరిగ్గా తలకిందులుగా చూస్తారు.

ఇక్కడ నేను మాట్లాడుతున్నది రాజుల కార్ల గురించి కాదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాం రోల్స్ రాయిస్ వంటి కారుకు ఎంత ఖర్చయినా పెట్టించగల చరిత్ర ఉంది. మన వసారాల్లో, గోదాముల్లో టార్పాలిన్ కప్పుకొని ఉన్నవి ఉత్తరపారాలో 2014 దాకా తయారైన అంబాసిడర్లు, బొంబాయి కుర్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఫియట్ 1100లు, పద్మినిలు, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్‌లు, అక్కడక్కడా ఒక కాంటెసా.

అపోహ: ఇప్పటికే లక్షలు పెట్టాం, ఇప్పుడు అమ్మితే ఆ డబ్బంతా పోయినట్టే.

ఆ డబ్బు పూర్తి చేసినా పోయిందే, అమ్మినా పోయిందే. నిర్ణయానికి అవసరమైన అంకెలు మూడే: ఈ రోజు ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే ఎంత వస్తుంది, పూర్తి చేయడానికి ఇంకా ఎంత కావాలి, పూర్తయ్యాక బజారులో అది ఎంత పలుకుతుంది. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఉన్నది ఉన్నట్టుగా 80,000 రూపాయలు వస్తాయి, పూర్తి చేయడానికి ఇంకా నాలుగున్నర లక్షలు కావాలి, పూర్తయిన కారు నాలుగు లక్షలు పలుకుతుంది అనుకుంటే, పూర్తి చేసి అమ్మినవారికి అరలక్ష నష్టం, ఇప్పుడే అమ్మినవారికి 80,000 చేతికి. రెంటికీ మధ్య తేడా లక్షా ముప్పై వేలు. ఆ కారును నడపడంలోని సంతోషానికి మీరు చెల్లిస్తున్న ధర అదే. ఆ ధర సమ్మతమైతే నిక్షేపంగా పూర్తి చేయండి. దాన్ని పెట్టుబడి అని మాత్రం పిలవకండి.

పూర్తయ్యాక ధర ఎంతన్నది ప్రధానంగా ఎన్ని మిగిలి ఉన్నాయన్న దానిపై ఆధారపడుతుంది. అంబాసిడర్ దశాబ్దాల పాటు తయారైంది కాబట్టి 1990ల తర్వాతి కార్లకు కొదవ లేదు. వాటిని ఎంత అందంగా చేసినా, పెట్టిన ఖర్చు తిరిగి రావడం నేను అరుదుగానే చూశాను. మొదటి మార్క్‌ల (తొలి మోడళ్ల) అంబాసిడర్లకు, దానికి ముందు వచ్చిన ల్యాండ్‌మాస్టర్‌కు, తలుపులూ లైట్లూ మారకుండా ఉన్న తొలినాళ్ల ఫియట్లకు కొనేవారు వేరే ఉంటారు, ధర కూడా వేరే ఉంటుంది.

అపోహ: ఇంజిన్ స్టార్ట్ అయింది, కాబట్టి సగం పని అయిపోయినట్టే.

ఈ వృత్తిలో నేను ఎక్కువసార్లు విన్న మాట ఇదే, అత్యధిక నష్టం తెచ్చేదీ ఇదే. పాత కారులో ఇంజిన్ పని అంతులేనిది కాదు, దానికి ఒక లెక్క ఉంటుంది. అంబాసిడర్ పెట్రోల్‌లో ఉన్న 1489 సీసీ బీఎంసీ ఇంజినైనా, పద్మినిలోని 1089 సీసీ ఇంజినైనా పోత ఇనుముతో చేసిన గట్టి సరుకు. బోరు, అంటే పిస్టన్ కదిలే గొట్టం, అరిగితే రీబోర్ చేయించి (కాస్త పెద్దది చేయించి) ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తాం, ఓవర్‌సైజులు అయిపోతే లోపల కొత్త గొట్టాలు, అంటే స్లీవులు దిగ్గొడతాం, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకును గ్రైండింగ్ చేయించి దానికి తగిన బేరింగులు వేస్తాం. ఏళ్ల తరబడి నిలబడి సీజ్ అయిన ఇంజిన్‌ను కూడా ప్లగ్గు రంధ్రాల్లోంచి నూనె పోసి, కొన్నాళ్లు నాననిచ్చి, తొందరపడకుండా తిప్పితే వదిలే సందర్భాలు ఎక్కువ. లేత్ షాపువారు ఏ పనికి ఎంత అవుతుందో ముందే చెప్పగలరు.

బాడీ విషయంలో అలా చెప్పగలవారు ఎవరూ లేరు. రంగు గీకి, పుట్టీ ఊడదీసి చూసేదాకా కింద రేకు ఎంత మిగిలిందో టింకరింగ్ మేస్త్రికి కూడా తెలియదు. అంబాసిడర్‌కూ పద్మినికీ విడిగా చాసిస్ ఉండదు, బాడీయే బరువు మోస్తుంది. అందువల్ల తలుపుల కింద పొడవునా సాగే పెట్టె ఆకారపు భాగం, ముందు చక్రాల వెనక నేల రేకు, వెనక పట్టీ స్ప్రింగులు బిగించే చోటు, డికీలో స్టెప్నీ కూర్చునే గుంట తుప్పు పట్టాయంటే పోయింది అందం కాదు, బలం. హెరాల్డ్ సంగతి వేరు. దానికి విడిగా చాసిస్ ఉంది, బాడీ భాగాలను బోల్టులతో బిగించారు. తుప్పు పట్టిన భాగాన్ని ఊడదీసి పని చేసుకునే వీలుంది గానీ, చాసిస్‌కు పక్కలకు పొడుచుకొచ్చే భాగాలు పుచ్చిపోతే ఆ పనీ చిన్నది కాదు. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ వంటి సముద్రతీరపు ఊళ్లలో ఏళ్లుగా నిలబడిన కార్లను కొనేముందు, పూర్తి చేయించేముందు, నేను రెట్టింపు అనుమానంతో చూస్తాను.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కర్లేదు. సన్నని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని బాడీ కింది భాగాల మీద జరుపుతూ పోండి. అది పట్టుకోని చోట రేకు బదులు పుట్టీ ఉన్నట్టే. కింద పడుకొని, జాకీ పెట్టే చోట్లను స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా నొక్కి చూడండి. ఆ తర్వాత జాకీతో ఒక పక్క లేపి అదే పక్క తలుపు తెరిచి మూయండి. నేల మీద చక్కగా పడిన తలుపు, లేపినప్పుడు పట్టేస్తున్నా, సందు మారుతున్నా బాడీ వంగుతోందని అర్థం. రంగు మెరుస్తూ ఈ పరీక్షలో తప్పిన కార్లను ఎన్నో చూశాను. పైన పటారం, లోన లొటారం అన్న మాట వాటి కోసమే పుట్టిందేమో.

అంచనా వేసేటప్పుడు ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకుల ఖర్చును అంశాలవారీగా రాసి ఉన్నదున్నట్టు ఉంచుతాను. బాడీ ఖర్చుకు మాత్రం రేకు బయటపడకముందు వేసిన అంచనాకు సగం అదనంగా కలుపుతాను. అలా కలిపాక కూడా పూర్తి చేయాలనిపిస్తేనే ఆ నిర్ణయానికి విలువ.

అపోహ: ప్రైమర్ కొట్టి పక్కన పెడితే ఎన్నాళ్లయినా చెడదు, డబ్బులు కుదిరినప్పుడు మొదలుపెట్టవచ్చు.

మామూలు ప్రైమర్ తేమను పీల్చుకుంటుంది. అది పైన వేసే రంగుకు పట్టు ఇచ్చేదే తప్ప రేకుకు కవచం కాదు. ఒక్క వర్షాకాలం గడిస్తే చాలు, ప్రైమర్ కింద తుప్పు పాకడం మొదలవుతుంది, మళ్లీ రేకు దాకా గీకి మొదటి నుంచి చేయాలి. తేమను నిలువరించే ఎపాక్సీ ప్రైమర్ కొంత నయం, కానీ ఎండకు అది కూడా చెడుతుంది. ట్యాంకు సంగతి ఇంకా ఘోరం. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, అది గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ పెట్రోల్‌తో నెలల తరబడి నిలబెట్టిన కారులో ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, పాతకాలపు రబ్బరు గొట్టాలూ ఫ్యూయల్ పంపు డయాఫ్రమూ మెత్తబడి పాడవుతాయి. అంటే ఆగిన కారు ఆగినచోటే ఉండదు, ప్రతి ఏడూ పూర్తి చేసే ఖర్చు పెరుగుతూ, అమ్మితే వచ్చే ధర తగ్గుతూ పోతుంది. రెండేళ్లలో పని మళ్లీ మొదలుపెట్టే పరిస్థితి కనిపించకపోతే ఇప్పుడే అమ్మడం మంచిదని నా అభిప్రాయం.

అపోహ: కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. 50 ఏళ్లు దాటిన బండి వింటేజ్ కాబట్టి ఇబ్బందే ఉండదు.

నా లెక్కలో కాగితాలే మొదటి మెట్టు. సి బుక్కు (రిజిస్ట్రేషన్ పత్రం) లేని కారు మీద పెట్టే ప్రతి రూపాయీ అనుమానంలో పెట్టినదే. సొంత కార్లకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. 20 ఏళ్లు దాటిన కారుకు ఈ పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025లో 10,000 రూపాయలు చేసింది. పునరుద్ధరణకు బండిని తనిఖీకి చూపించాలి, చూపించాలంటే బండి నడవాలి. కాబట్టి గడువు తీరిన ప్రాజెక్టును కొనేవారు ఆ భారాన్నంతా మీ ధరలోంచి తగ్గించే అడుగుతారు. 1980ల చివరి దాకా ఇచ్చిన మూడక్షరాల పాత నంబర్లున్న కార్లలో, వివరాలు చేతిరాత రిజిస్టర్ల నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కనివి కూడా ఉన్నాయి. ఆ సంగతి ఆర్టీఓ కార్యాలయంలో ముందే కనుక్కోవాలి. టింకరింగ్‌లో రేకు కోసేటప్పుడు చాసిస్ నంబరు పంచ్ చేసిన చోటును, ఆ నంబరు ఉన్న చిన్న రేకు ముక్క రివెట్లను ముట్టుకోవద్దని మేస్త్రికి గట్టిగా చెప్పండి. ఆ అంకెలు పోతే బండికి గుర్తింపే పోయినట్టు.

ఇక వింటేజ్ విషయం. 2021 జూలైలో కేంద్రం నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలు, కార్లు, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులు లేకుండా ఉంటేనే ఈ వర్గంలోకి వస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది, తర్వాతి నమోదుకు 5,000. అప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న బండి తన పాత నంబరును ఉంచుకోవచ్చు, కొత్తగా నమోదయ్యేవాటికి వీఏ అక్షరాలతో నంబరు ఇస్తారు. అలా నమోదైన కారును ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోల్ పోయించుకోవడానికి, మరమ్మతుకు తీసుకెళ్లవచ్చు గానీ రోజూ ఆఫీసుకు నడపడానికి, కిరాయికి తిప్పడానికి వీల్లేదు. ఫియట్‌లో వేరే కారు డీజిల్ ఇంజిన్ దించి, ఏసీ పెట్టించి, తర్వాత వింటేజ్ నంబరు తెచ్చుకుందామనుకునే వారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి.

అపోహ: పాత కార్లకు సామాన్లు దొరకవు.

ఇది సగం నిజం. నడవడానికి కావలసిన సామాను అంబాసిడర్‌కూ పద్మినికీ ఇప్పటికీ సికింద్రాబాద్ రాణిగంజ్‌లో, విజయవాడ ఆటోనగర్‌లో, చెన్నై పుదుపేటలో అడిగితే దొరుకుతుంది. కనిపించే సామానే దొరకదు: క్రోమ్ బీడింగులు, గ్రిల్లు, మీటర్ల అద్దాలు, తలుపుల పిడులు, లైట్ల గాజులు. మీ కారుకు ఇవన్నీ ఉంటే పూర్తి చేయడం వైపు మొగ్గండి. ఇవి లేక ఇంజిన్ మాత్రమే ఉంటే అమ్మడం వైపు మొగ్గండి.

అపోహ: సగం విప్పిన కారును ఎవరూ కొనరు, ముక్కలుగా అమ్మితేనే ఎక్కువ వస్తుంది.

కొనేవారు ఉన్నారు. వారిలో చాలామందికి మీకు లేని షెడ్డో, మీకు దొరకని విడిభాగమో ఉంటుంది. వారు భయపడేది తుప్పుకు కాదు, అట్టపెట్టెల్లో ఏముందో తెలియకపోవడానికి. అమ్మదలచుకుంటే కొత్తగా రంగు వేయించకండి, తాజా రంగు చూడగానే తెలిసిన కొనుగోలుదారు కింద ఏం దాచారని అడుగుతాడు. ఆ డబ్బుతో బాడీని చక్రాల మీద నిలబెట్టి, తలుపులు, బానెట్, డికీ వదులుగానైనా బిగించి, మిగిలిన సామాన్లను సంచుల్లో కట్టి చీటీలు రాయించండి. గీకిన రేకు ఫోటోలు, లేత్ షాపు బిల్లులు జత చేయండి. ముక్కలుగా అమ్మితే గ్రిల్లూ లైట్లూ మొదటి వారంలో పోతాయి, మిగిలిన గుల్ల మీ వసారాలోనే ఉంటుంది.

నాన్నగారి కారు, తాతగారి కారు అయితే పై లెక్కలేవీ పనిచేయవని అంటారు. కొంతవరకు ఒప్పుకుంటాను. అయితే పూర్తి చేయడమంటే ప్రదర్శనలో పెట్టేంతగా చేయడమే కానక్కర్లేదు. బ్రేకులు, టైర్లు, వైరింగ్, బలం మోసే రేకు సరిచేయించి, పాత రంగును అలాగే ఉంచి నడుపుకునేవారు నా ఖాతాదారుల్లో అందరికంటే తృప్తిగా కనిపిస్తారు, ఖర్చు కూడా చాలా తగ్గుతుంది. ఒకవేళ అలాంటి కారును అమ్మవలసే వస్తే, చనిపోయినవారి పేరున ఉన్న సి బుక్కును ముందు వారసుల పేరుకు ఫారం 31తో మార్పించుకోవాలి. ఆ తర్వాతే యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 మీద కొనేవారితో సంతకాలు. ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేయాలి. నడవని బండే కదా అని ఖాళీ ఫారాల మీద సంతకం చేసి ఇవ్వకండి. పేరు మారేదాకా, ఆ బండి ఎవరి చేతిలో రోడ్డెక్కి ప్రమాదం జరిగినా, రిజిస్టరులో ఉన్న యజమానే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది.