అడిగితేనే అందే హక్కు

ఆటిజం పిల్లల మీద కాలిఫోర్నియా ప్రభుత్వం ఎంత ఖర్చు పెడుతోందో 2011 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక లెక్క తీసింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంతకు ముందు ఏడాది పెట్టిన ఖర్చు తలకు సగటున ఇలా తేలింది: తెల్లవారికి 11,723 డాలర్లు, ఆసియా మూలాలవారికి 11,063, లాటినోలకు 7,634, నల్లజాతివారికి 6,593. డాక్టరు రాసిన నిర్ధారణ ఒకటే, వయసూ ఒకటే, డబ్బిచ్చే శాఖా ఒకటే. థెరపీ మొదలుపెడితే ఎక్కువ ఫలితం కనిపించే వయసు కూడా అదే. అందుకే ఆ నాలుగు అంకెలు రాష్ట్ర రాజధాని శాక్రమెంటోలోని చట్టసభ దాకా వెళ్లాయి. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలున్న బే ఏరియాలో పిల్లల కోసం ఈ వ్యవస్థ గడప తొక్కుతున్న తెలుగు కుటుంబాలూ ఉన్నాయి కాబట్టి, దీని పుట్టుపూర్వోత్తరాలు మనకూ పనికొచ్చేవే.

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇలాంటి సేవలకు ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టులుంటాయి. కాలిఫోర్నియాలో అలా కాదు. ఎదుగుదల లోపాలున్నవారికి అవసరమైన సేవలు అందించి తీరాలని అక్కడ చట్టమే ఉంది. అర్హత తేలితే లైన్లో నిలబడే పని లేదు. మరి హక్కుగా రాసిచ్చిన చోట కూడా ఇంత తేడా ఎలా వచ్చింది?

1960ల్లో బిడ్డకు మేధో వైకల్యం ఉందని తేలితే తల్లిదండ్రులకు రెండే దారులు. ఏ సాయమూ లేకుండా ఇంట్లో పెంచుకోవడం, లేదా సొనోమా, పోర్టర్‌విల్ లాంటి చోట్ల ఉన్న పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల్లో చేర్చి వదిలేయడం. ఆ ఆస్పత్రులు కిక్కిరిసి ఉండేవి. 1968 నాటికి వాటిలో ఉన్నవారు 13 వేల పైమాటే. బయట చేరడానికి ఎదురుచూసేవారు వేరే. తల్లిదండ్రుల సంఘాలు గట్టిగా పట్టుబట్టడంతో 1965లో జెరోమ్ వాల్డీ అనే శాసనసభ్యుడు బిల్లు తెచ్చాడు. దాని ప్రకారం మరుసటేడు లాస్ ఏంజెలెస్‌లో ఒకటి, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకటి, ఇలాంటివారికి కావలసిన సేవలు ఏర్పాటు చేసే రీజినల్ సెంటర్లు ప్రయోగంగా రెండు మొదలయ్యాయి. ప్రయోగం ఫలించింది. 1969లో ఫ్రాంక్ లాంటర్‌మన్ అనే రిపబ్లికన్ సభ్యుడు తెచ్చిన చట్టం దాన్ని రాష్ట్రమంతటికీ విస్తరించింది. సంతకం పెట్టిన గవర్నరు రొనాల్డ్ రీగన్. సంక్షేమ ఖర్చంటే ఒంటికాలి మీద లేచేవాడని పేరున్న మనిషి చేతుల మీదుగా దేశంలోనే ఉదారమైన వైకల్య చట్టం రావడం చరిత్ర చేసే చమత్కారాల్లో ఒకటి. 1973లో సెరిబ్రల్ పాల్సీ, మూర్ఛ, ఆటిజం కూడా దీని పరిధిలోకి వచ్చాయి.

అసలు మెలిక ఆ సెంటర్ల తీరులో ఉంది. అవి ప్రభుత్వ ఆఫీసులు కావు. లాభాపేక్ష లేని ప్రైవేటు సంస్థలు. ఇప్పుడు రాష్ట్రంలో 21 ఉన్నాయి. ఒక్కోదానికి ఒక ప్రాంతం, ఒక బోర్డు, సేవలు కొనడానికి సొంత నిబంధనలు. డబ్బు రాష్ట్రానిది, ఎవరికి ఏం కొనాలన్న నిర్ణయం సెంటరుది. స్థానిక అవసరాలు స్థానికులకే బాగా తెలుస్తాయన్నది అప్పటి ఆలోచన. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఒకే రకం పిల్లవాడికి ఒక కౌంటీలో ఒకలా, పక్క కౌంటీలో ఇంకోలా జరగడానికి బీజం పడింది అక్కడే.

1980ల మొదట్లో నిధులు తగ్గినప్పుడు ఈ సెంటర్లకు డబ్బిచ్చే రాష్ట్ర శాఖ ఫలానా సేవలు కోసేయమని సెంటర్లకు ఆదేశాలు పంపింది. తల్లిదండ్రుల సంఘం కోర్టుకెక్కింది. 1985లో రాష్ట్ర సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పిచ్చింది. చట్టం ఇచ్చిన హక్కును శాఖ సర్క్యులర్లతో తగ్గించడం కుదరదని, నిధులు చాలకపోతే ఆ సంగతి చట్టసభకు చెప్పుకోవాలే తప్ప సేవలను గంపగుత్తగా కోయకూడదని చెప్పింది. ఎవరికి ఏ సేవ అన్నది ఆ మనిషి కోసం రాసుకున్న వ్యక్తిగత ప్రణాళికలోనే తేలాలంది. చాలా గొప్ప తీర్పు. దానివల్లే హక్కు బతికింది. అయితే ఆ హక్కుకు ఎంత విలువ కట్టాలన్నది ప్రణాళిక రాసే సమావేశంలో ఎవరు ఏం మాట్లాడారన్న దాని మీద ఆధారపడింది.

ఆ సమావేశం ఎలా ఉంటుందో చూడాలి. సెంటరు నుంచి సర్వీస్ కోఆర్డినేటరు వస్తారు. సగటున ఒకరికి 62 మందికి మించి అప్పగించకూడదని చాలా రకాల కేసులకు చట్టం పరిమితి పెట్టింది, వాస్తవంలో అంతకు మించే ఉంటూ వచ్చింది. పిల్లవాడి గురించి నాలుగు ప్రశ్నలయ్యాక "ఇంకేమైనా అవసరముందా?" అని అడుగుతారు. ఏమేం ఉన్నాయో తెలిసిన తల్లి రెస్పైట్ గంటలు కావాలంటుంది. అంటే తను కాస్త ఊపిరి పీల్చుకునేలా మరొకరు వచ్చి బిడ్డను చూసుకునే గంటలు. ప్రవర్తన థెరపీ అడుగుతుంది, పెద్దవాడైతే ఉద్యోగ శిక్షణ అడుగుతుంది, కాదంటే రాతపూర్వకంగా ఇవ్వమంటుంది. ఏమీ తెలియని తల్లి "పర్లేదండీ, మేమే చూసుకుంటున్నాం" అంటుంది. ఆ ఏడాదికి ఆ బిడ్డ ఖర్చు ఖాతాలో సున్నా. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక్కడ అమ్మే వెళ్లి అడగాలి.

అడిగినా అంత తేలిక కాదు. బడి, మెడి-కాల్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి రాష్ట్రం ఇచ్చే ఆరోగ్య బీమా), ప్రైవేటు బీమా, ఇవన్నీ ఇవ్వమన్నాకే రీజినల్ సెంటరు ఇస్తుంది. అంటే ముందు ఆ 'ఇవ్వం' అన్న కాగితాలు సంపాదించాలి. పనిదినాన ఫోను పట్టుకుని గంటలు కూర్చోగలగాలి, అప్పీలు రాసుకోగలగాలి. రెండు ఉద్యోగాలు చేస్తూ ఇంగ్లీషు అంతంతమాత్రంగా వచ్చే తల్లికి ఇది అయ్యే పనేనా? చట్టం వీసా ఏమిటని అడగదు, రాష్ట్రంలో నివాసం ఉంటే చాలు. అయినా గ్రీన్‌కార్డుకు అడ్డొస్తుందేమోనన్న భయంతో దరఖాస్తే చేయని మనవాళ్లున్నారు.

2009 ఆర్థిక సంక్షోభంలో చట్టసభ తనే కత్తిరింపులు చేసింది. వేసవి శిబిరాలు, ఆటపాటల కార్యక్రమాలు ఆగిపోయాయి. రెస్పైట్‌ను మూడు నెలలకు 90 గంటలకు కుదించారు. ఆ గంటల పరిమితి 2018 దాకా, శిబిరాల మీద నిషేధం 2021 దాకా నడిచాయి. డబ్బున్నవారు జేబులోంచి పెట్టుకున్నారు. పిల్లల్ని, పెద్దల్ని ఇంట్లోనే ఉంచుకునే కుటుంబాలకు దెబ్బ గట్టిగా తగిలింది, ఎందుకంటే వాళ్లు వాడేవే ఆ సేవలు.

పత్రిక లెక్కలు బయటపడ్డాక సెనేట్ నాయకుడు డారెల్ స్టైన్‌బర్గ్ ఆధ్వర్యంలోని ఆటిజం కమిటీ విచారణ జరిపింది. 2012లో చట్టం మారింది. వయసు, జాతి, ఇంటి భాష, వైకల్యం వారీగా ఎంత మంజూరైంది, అందులో ఎంత ఖర్చయింది అన్నది ప్రతి సెంటరూ ఏటా వెబ్‌సైటులో పెట్టాలి, జనాన్ని పిలిచి చర్చించాలి. మంజూరుకూ ఖర్చుకూ మధ్య తేడా చూపడం మంచి ఆలోచన. కాగితం మీద నెలకు 30 గంటలు రాసిచ్చినా, ప్రభుత్వం ఇచ్చే రేటుకు ఆ పేటలో పనికొచ్చే మనిషి దొరక్కపోతే ఆ గంటలు మురిగిపోతాయి.

లెక్కలు బయటికొచ్చాక వాటిని ఎలా చదవాలన్న పేచీ మొదలైంది. గణాంక శాస్త్రం విద్యార్థులకు దీన్నే పాఠంగా చెబుతున్నారు. ఆ శాఖ ఖర్చుల ఆధారంగా, వివరాలు మార్చి తయారు చేసిన వెయ్యి మంది నమూనాలో సగటు ఖర్చు తెల్లవారికి 24,698 డాలర్లు, లాటినోలకు 11,066. పచ్చి వివక్ష అనిపిస్తుంది. వయసు వారీగా విడదీస్తే తేడా దాదాపు మాయమవుతుంది, చాలా వయసుల్లో లాటినోల సగటే కాస్త ఎక్కువ. కారణం, వారిలో ఎక్కువమంది చిన్నపిల్లలు. పిల్లలకు ఇల్లు, బడి ఉంటాయి కాబట్టి సెంటరు ఖర్చు తక్కువ. నడివయసు వచ్చేసరికి అది ఎన్నో రెట్లవుతుంది.

ఈ పాఠాన్ని చూపించి అసలు సమస్యే లేదనేవారున్నారు. నేను ఒప్పుకోను. పత్రిక పోల్చింది ఒకే వయసు పిల్లల్ని, ఒకే నిర్ధారణ ఉన్నవారిని. అక్కడ వయసు సాకు చెల్లదు. ఇంకో చిక్కూ ఉంది. 2012 జులై నుంచి ఆటిజం ప్రవర్తన థెరపీకి బీమా కంపెనీలే చెల్లించాలని రాష్ట్రం చట్టం తెచ్చింది. దాంతో మంచి బీమా ఉన్న కుటుంబాల ఖర్చు సెంటరు పుస్తకాల్లోంచి జారిపోయింది. అంటే ఆ పట్టికల్లో అంతరం తగ్గినట్టు కనిపించినా, పిల్లలకు అందేదాంట్లో తగ్గిందని చెప్పలేం.

2016లో అసమానతలు తగ్గించడానికి ఏటా 1.1 కోట్ల డాలర్లు కేటాయించారు. అప్పటికి ఆ శాఖ బడ్జెట్ 600 కోట్లు దాటింది. ఆ డబ్బు అనువాదాలకు, కుటుంబాలకు దారి చూపే కార్యకర్తలకు, శిక్షణలకు పోయింది. ఉపయోగం లేదనను. కానీ ఖర్చును నిర్ణయించే యంత్రం జోలికి ఎవరూ పోలేదు.

ఆ యంత్రం ఎంత మొండిదో స్వయం నిర్ణయ పథకంలో తెలుస్తుంది. 2013లో చట్టమై, 2018లో కేంద్ర ప్రభుత్వ ఆమోదం పొంది, 2021 జులైలో అందరికీ తెరుచుకున్న పథకమిది. సేవలు సెంటరు ఎంచకుండా, ఒక మొత్తం కేటాయిస్తే కుటుంబమే కావలసినవి కొనుక్కుంటుంది. ఆ మొత్తం ఎంత? గడిచిన 12 నెలల్లో ఆ మనిషి మీద పెట్టిన ఖర్చే దానికి పునాది. ఇన్నాళ్లూ తీరని అవసరాలుంటే పెంచమని అడగొచ్చు. మళ్లీ అడగాల్సిందే! నిరుడు గట్టిగా అడిగి తెచ్చుకున్నవారికి పెద్ద మొత్తం, నోరు మెదపనివారికి చిన్న మొత్తం.

2021లో వచ్చిన మార్పుల్లో నాకు సరైనదనిపించేది ఒకటుంది. సేవలు దాదాపు ఏమీ తీసుకోనివారి కోసం, 40 మందికి ఒకరు చొప్పున కోఆర్డినేటర్లను పెట్టడం. కుటుంబం వచ్చి అడిగేదాకా ఆగకుండా, సున్నా ఖర్చున్న ఇంటికి సెంటరే వెళ్లి ఎందుకు సున్నా అని అడగడమన్నమాట. అర్ధశతాబ్దం పట్టింది దీనికి.

ఇప్పుడు ఈ వ్యవస్థలో 4 లక్షలకు పైగా ఉన్నారు, ఖర్చు 1,500 కోట్ల డాలర్లు దాటింది. పట్టికల్లో తెలుగువాళ్లు 'ఆసియా' గడిలో ఉంటారు. టెక్ కంపెనీ బీమా ఉన్న ఫ్రీమాంట్ కుటుంబమూ, ఆగ్నేయాసియా నుంచి శరణార్థులుగా వచ్చి ఫ్రెస్నోలో స్థిరపడ్డ హ్మోంగ్ కుటుంబమూ ఒకే సగటులో కలిసిపోతాయి. భాష వారీ లెక్క వేరే ఉంది గానీ, ఇంట్లో తెలుగే మాట్లాడుతూ ఫారంలో ఇంగ్లీషు అని టిక్కు పెట్టినవారు అందులో ఇంగ్లీషువాళ్లుగానే లెక్కకొస్తారు. పగలంతా ఆ పిల్లవాణ్ణి చూసుకునే అమ్మమ్మకు మాత్రం కోఆర్డినేటరు చెప్పేది అర్థం కాదు.