429 కోట్ల సంఖ్య, అయిదు భాగహారాలు: అపోహలు - వాస్తవాలు

పోటీ పరీక్షలకు లెక్కలు చెప్పడం నా పని. కొత్త బ్యాచ్ రాగానే బోర్డు మీద 4294967297 రాస్తాను. 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఇది ప్రధాన సంఖ్యేనా అని అడిగితే చాలు, అపోహలన్నీ బయటికొస్తాయి.

అపోహ: చిన్న సంఖ్యలతో పోకపోతే ప్రధాన సంఖ్యే.

వాస్తవం: చివర 7 ఉంది కాబట్టి 2, 5తో పోదు. అంకెల మొత్తం 59, 3తోనూ పోదు. 7, 11, 13 కూడా కావు. చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. వాళ్లనేం అనను, ఫెర్మా అంతటి గణితజ్ఞుడే పొరబడ్డాడు. 2ను 2, 4, 8, 16 ఘాతాలకు పెంచి 1 కలిపితే 5, 17, 257, 65537 వస్తాయి. అన్నీ ప్రధానాలే. 32వ ఘాతంతో వచ్చే మన సంఖ్య కూడా అంతేనని ఆయన నమ్మాడు. 1732లో ఆయిలర్ దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు.

మీరూ చేసి చూడండి. 4294లో 641 ఆరుసార్లు పోతే మిగిలేది 448. 9 దించితే 4489, ఏడుసార్లు, మిగిలేది 2. తర్వాత 6 దించితే 26, 7 దించితే 267. రెండుసార్లూ పైన సున్నా వేయాలి. మా పిల్లలు ఆ రెండు సున్నాలూ మింగేసి 67417 అని రాసేస్తుంటారు! 2 దించితే 2672, నాలుగుసార్లు, మిగిలేది 108. 9 దించితే 1089, ఒకసారి, మళ్లీ 448. చివరి 7 దించితే 4487, సరిగ్గా ఏడు 641లు. భాగఫలం 6700417.

అపోహ: సగం దాకా భాగించుకుంటూ పోవాలి.

వాస్తవం: వర్గమూలం దాకా చాలు. ఇక్కడ అది 65536 దగ్గర, అంతలోపు ప్రధానాలు 6542. పరీక్ష హాల్లో అదీ అయ్యే పని కాదనుకోండి. ఆయిలరే నిరూపించిన సూత్రం ఒకటుంది: ఈ సంఖ్యను భాగించే ప్రధానాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. అలాంటి ప్రధానాలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే దొరికిపోతుంది.

అపోహ: పెద్ద సంఖ్యకు ఎక్కువ కారణాంకాలు.

వాస్తవం: దీనికి నాలుగే. 5040కి 60 ఉన్నాయి.

అపోహ: ప్రధానం కాదని తేలిందంటే కారణాంకాలు దొరికినట్టే.

వాస్తవం: రెండూ వేర్వేరు పనులు. 3 కంటే పెద్ద ప్రధానం ఏదైనా తీసుకోండి. 3ను ఆ ప్రధానం కంటే ఒకటి తక్కువ ఘాతానికి పెంచి, ఆ ప్రధానంతోనే భాగిస్తే 1 మిగలాలి. ఏదైనా పెద్ద సంఖ్యతో ఇలాగే చేస్తే 1 మిగల్లేదా, అది ప్రధానం కాదు. కారణాంకం ఊసే రాలేదు చూడండి. 2 యొక్క 67వ ఘాతం నుంచి 1 తీసేస్తే వచ్చేది ప్రధానం కాదని లూకా 1876లో తేల్చాడు. దాని కారణాంకాలు 193707721, 761838257287 అని కోల్ చూపించింది 1903లో. ఫెర్మా వరసలోనే ఇంకా ముందుకు వెళ్తే 3,15,653 అంకెల సంఖ్య ఒకటి వస్తుంది. ప్రధానం కాదని రుజువైంది గానీ, దాన్ని భాగించే ప్రధానం ఒక్కటి కూడా ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.