అపోహలు - వాస్తవాలు: వెంట్రుకంటే భయం, నోట్లో చెయ్యి పెట్టడానికి మాత్రం ధైర్యం

"సార్, అన్నంలో కుక్క వెంట్రుక వచ్చింది, పాప మింగేసింది, గడ్డ కడుతుందా?" పశువుల డాక్టరుగా నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. కట్టదు. వెంట్రుక అరగదు, వచ్చినట్టే బయటికి పోతుంది.

అలాగని ఈ మాట ఉత్త గాల్లోంచి పుట్టిందీ కాదు. లివర్‌లో, ఊపిరితిత్తుల్లో నీటితిత్తులు పెరిగే జబ్బు ఒకటుంది, హైడాటిడ్ అంటారు. దానికి కారణం వెంట్రుక కాదు, కుక్క పేగుల్లో ఉండే బద్దెపురుగు గుడ్లు. కుక్కకు అదెలా వస్తుందంటారా, ఆదివారం పొద్దున మటన్ కొట్టు వెనక్కి వెళ్లి చూడండి. తిత్తులున్న లివర్ ముక్కలు కోసి పారేస్తుంటే కుక్కలు కాచుకుని ఉంటాయి. కొందరైతే వాటినే కవర్లో కట్టించుకుని తెచ్చి ఇంటి కుక్కకు పచ్చివే పెడతారు, అడిగితే "బలం సార్" అంటారు. ఆరేడు వారాలకు ఆ కుక్క మలంలో గుడ్లు రావడం మొదలవుతుంది, అవి బొచ్చుకు అంటుకుంటాయి, పిల్లలు దాన్ని నిమిరి అదే చేత్తో బిస్కెట్ తింటారు. మనిషిలో తిత్తి పెరగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి అప్పటికి ఎవరికీ కుక్క గుర్తుకే రాదు. పచ్చి లివర్ పెట్టకండి, ఏదైనా బాగా ఉడికించే పెట్టండి. మూడు నెలలకోసారి నట్టల మందు వేయించండి, అందులో ప్రాజిక్వాంటెల్ ఉందో లేదో చూసుకోండి, ఎందుకంటే అన్ని నట్టల మందులూ ఈ పురుగు మీద పనిచేయవు.

"రేబిస్ వస్తే కుక్క మీదపడి కరుస్తుంది, చూస్తే తెలిసిపోతుంది." అన్నిసార్లూ తెలియదు. పోయిన వానాకాలంలో ఒకాయన కుక్కను ఆటోలో తెచ్చాడు. "గొంతులో ఎముక ఇరుక్కుంది సార్, రెండు రోజుల్నుంచి నీళ్లు కూడా మింగట్లేదు." కింది దవడ వేలాడుతోంది, చొంగ తీగలా సాగుతోంది, కుక్క మాత్రం ఎవరి జోలికీ పోకుండా మూలకు ఒదిగి కూర్చుంది. ఎముక ఉందేమోనని ఇంట్లో ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు నోట్లో చెయ్యి పెట్టి వెతికారట. ఆయన చూపుడువేలి గోరు పక్కన ఇంకా ఆరని గీత ఉంది. నోట్లో ఎముక లేదు, ఏమీ లేదు. అది మూగ రేబిస్, దవడకు పక్షవాతం వచ్చింది. మర్నాటికి కుక్క పోయింది. ముగ్గురినీ ఆ పూటే పెద్దాసుపత్రికి పంపాను, టీకాతో పాటు గాయంలో ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను వెంటనే అడ్డుకునే మందు) కూడా వేశారు. తల విదిల్చినప్పుడు నా కంట్లోనూ చొంగ చిట్లింది, ముందే టీకా కోర్సు పూర్తిచేసుకున్నవాణ్ణి కాబట్టి రెండు డోసులతో సరిపోయింది, టెన్షన్ మాత్రం సరిపడా పడ్డాను.

కాబట్టి లెక్క ఇది. చర్మం మీద ఏ గాయమూ లేనిచోట నాకితే కడుక్కుంటే చాలు. పుండు మీద, తెగినచోట, కంట్లో, నోట్లో అనుమానమున్న కుక్క చొంగ పడితే అది రక్తం వచ్చిన కాటుతో సమానం. రక్తం రాని గోటి గీతకైనా టీకా కావాలి. గాయానికి కారం, సున్నం, కాఫీ పొడి పెట్టకండి, సబ్బు రాసి కుళాయి కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, మనకు రెండు నిమిషాలే పదిహేనులా అనిపిస్తాయి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం పోయి ఇరవై ఏళ్లయింది, ఇప్పుడు చేతికే, డాక్టరు చెప్పిన తేదీల్లో నాలుగైదుసార్లు వెళ్తే అయిపోతుంది.

"కుక్కను పది రోజులు చూద్దాం, బాగానే ఉంటే టీకా ఎందుకు" అనేది ఇంకా ప్రమాదం. టీకా మొదలుపెట్టి పది రోజులు చూడాలి, చూశాక మొదలుపెట్టడం కాదు. "పాలు తాగే కుక్కపిల్ల, దానికేం రేబిస్" అనేవాళ్లూ ఉన్నారు. కుక్కపిల్లలకూ వస్తుంది. వాటికి మూడు నెలల వయసులో టీకా వేయించండి, ఏటా జులై 6న మన పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు, ఆ రోజు లైను పొడుగ్గా ఉంటుంది గానీ ఓపిక పట్టండి.

పిల్లి సంగతి. కోడలు నీళ్లోసుకుందని తెలియగానే ఇంట్లో పెరిగిన పిల్లిని సంచిలో వేసి ఊరవతల వదిలేసిన వాళ్లని చూశాను. పిల్లి మలం నుంచి సోకి కడుపులో బిడ్డకు హాని చేసే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి భయం నిజమే, కానీ పిల్లి మలంలో దాని గుడ్లు సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు రెండు మూడు వారాలే వస్తాయి, బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే ఇసుక ట్రే రోజూ మార్చాలి, ఆ పని గర్భిణి కాకుండా ఇంకొకరు చెయ్యాలి. సరిగా ఉడకని మాంసం, కడగని ఆకుకూర, ఉత్త చేతుల్తో మట్టిపని, వీటి నుంచి కూడా అది రావచ్చు, వాటిని సంచిలో వేసి వదిలేసేవాళ్లు ఎవరూ లేరు.

"పొట్టి బొచ్చు కుక్కయితే ఆయాసం రాదు" అని పగ్ కొంటారు. అలర్జీ తెచ్చేది చొంగలో, రాలే చర్మపు పొట్టులో ఉండే ప్రొటీన్లు, బొచ్చు పొడవుతో పనిలేదు. ముందు ఆ కుక్క ఉన్న ఇంట్లో నాలుగైదుసార్లు కూర్చుని చూసి అప్పుడు కొనండి.

తామర మాత్రం పిల్లి నుంచి నిజంగా వస్తుంది, ముఖ్యంగా బొచ్చు గుండ్రంగా ఊడిన పిల్లికూన నుంచి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీము రాస్తే నాలుగు రోజులు తగ్గినట్టుండి పాకుతుంది. మీరు చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లిన వారంలోనే పిల్లిని నా దగ్గరికి తీసుకురండి, అది పడుకునే దుప్పటి వేడినీళ్లలో ఉతకండి.