122 పాయింట్లు, 23 మ్యాచులు: డారెన్ హేడార్ కెరీర్ వెనక కథ

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ యూనివర్సిటీ ఐస్ హాకీ జట్టు సొంత ఊళ్లో మొదటి గోల్ కొట్టగానే, స్టూడెంట్లు కూర్చున్న వైపు నుంచి ఓ చేప ఎగిరొచ్చి మంచు మీద పడుతుంది. బొమ్మ కాదు, నిజం చేపే. అది అక్కడి పాత ఆనవాయితీ. డర్హమ్ అనే ఆ చిన్న ఊళ్లో విట్‌మోర్ సెంటర్ అనే హాలు ఉంది. 1998లో మొదటి ఏడాది విద్యార్థిగా అక్కడ స్కేట్లు కట్టుకున్న కుర్రాడు డారెన్ హేడార్. సొంతూరు కెనడాలో, ఆంటారియో రాష్ట్రంలోని మిల్టన్. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా పెద్ద ప్రొఫెషనల్ హాకీ లీగ్ ఎన్‌హెచ్ఎల్. అందులోని జట్లు కుర్రాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్టులో, మరుసటి ఏడాది 1999లో, నాష్‌విల్ జట్టు అతన్ని 248వ పేరుగా ఎంచుకుంది. అంత కింద పిలిచిన పేరు మీద పెద్దగా ఎవరూ ఆశ పెట్టుకోరు.

నాలుగేళ్లు కాలేజీలో గోల్స్ కొడుతూనే ఉన్నాడు. 2002లో తన కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపులో, ఉత్తమ ఆటగాడు అయ్యాడు. ఆ తర్వాత ప్రొఫెషనల్ అయి, ఎన్‌హెచ్ఎల్‌కి ఒక మెట్టు కింద ఉండే అమెరికన్ హాకీ లీగ్‌లో చేరాడు. మొదటి ఏడాదే ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. 2004లో మిల్వాకీ జట్టుతో ఆ లీగ్ టైటిల్ కాల్డర్ కప్ గెలిచాడు. 2006-07లో షికాగో వోల్వ్స్ తరఫున 41 గోల్స్ కొట్టి, ఇంకో 81 గోల్స్‌కి పాస్ అందించాడు. ఈ ఆటలో గోల్ కొట్టినా పాస్ ఇచ్చినా ఒక్కో పాయింటు వస్తుంది కాబట్టి మొత్తం 122. ఆ సీజన్ మొదలైన రోజు నుంచి వరసగా 39 మ్యాచుల్లో ఒక్క రోజు కూడా ఖాళీ చేతులతో ఇంటికెళ్లలేదు. అది లీగ్ రికార్డు. ఆ ఏడాది లీగ్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, కూడా అతనే.

ఇంత చేసినవాడు ఎన్‌హెచ్ఎల్‌లో మొత్తం ఆడింది 23 మ్యాచులు. కొట్టింది ఒక్క గోల్.

ఆ 23ని చూసి "పైస్థాయికి చాలలేదు" అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నాకు ఆ మాట మింగుడుపడదు. ఎందుకంటే ఇలా ఆగిపోయింది అతనొక్కడే కాదు. ఒకే యూనివర్సిటీ నుంచి రెండు తరాలు చూసినా అదే కథ.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1967 దాకా ఎన్‌హెచ్ఎల్‌లో ఉన్నవి ఆరే జట్లు. ఆటగాళ్లంతా దాదాపుగా కెనడా జూనియర్ లీగుల్లో, పదహారేళ్ల నుంచి నలిగి వచ్చినవాళ్లు. కాలేజీలో చదువుకుంటూ ఆడేవాడంటే మెత్తనివాడని చులకన. 1962లో మిషిగన్ యూనివర్సిటీ నుంచి రెడ్ బెరెన్సన్ నేరుగా మాంట్రియల్ జట్టులోకి వెళ్లడం అప్పట్లో అరుదైన సంగతి. ఆ చులకన పోగొట్టింది 1980 లేక్ ప్లాసిడ్ ఒలింపిక్స్. దాదాపు అందరూ కాలేజీ కుర్రాళ్లే ఉన్న అమెరికా జట్టు సోవియట్ యూనియన్‌ని ఓడించి, ఆపైన బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడాదే, 1981లో, ఉత్తమ కాలేజీ ఆటగాడికి హోబీ బేకర్ అవార్డు ఇవ్వడం మొదలైంది. బేకర్ ప్రిన్స్‌టన్‌లో ఆడిన మహా ఆటగాడు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్ని వారాలకే ఫ్రాన్స్‌లో విమానం కూలి చనిపోయాడు.

ఆ 1980 జట్టు తలుపు బయట నిలబడిపోయిన ఒక మనిషి నాకు ఎప్పుడూ గుర్తొస్తాడు. రాల్ఫ్ కాక్స్. న్యూ హాంప్‌షైర్ తరఫున 127 గోల్స్ కొట్టినవాడు. కోచ్ హెర్బ్ బ్రూక్స్ జట్టులోంచి చిట్టచివర తీసేసిన పేరు అతనిదే. బ్రూక్స్‌కి ఆ బాధ తెలియనిది కాదు. 1960 ఒలింపిక్ జట్టులోంచి ఆఖరున తీసేసింది అతన్నే, ఆ జట్టు కూడా బంగారం గెలిచింది. కాక్స్ తర్వాత కింది లీగుల్లో ఆడాడు కానీ ఎన్‌హెచ్ఎల్ మంచు మీద అడుగు పెట్టలేదు.

ఇరవై ఏళ్ల తర్వాత అదే యూనివర్సిటీలో జేసన్ క్రాగ్. 1998-99లో 41 మ్యాచుల్లో 85 పాయింట్లు, హోబీ బేకర్ అవార్డు. హేడార్ అప్పుడు అదే జట్టులో పిల్లాడు. 1999 ఏప్రిల్‌లో ఆనహైమ్‌లో జరిగిన జాతీయ ఫైనల్లో ఓవర్‌టైమ్‌లో మెయిన్ యూనివర్సిటీ చేతిలో 3-2తో ఓడిపోయారు. నాలుగేళ్లకు క్రాగ్ అదే ఊరి ఎన్‌హెచ్ఎల్ జట్టుతో ఆ లీగ్ టైటిల్ పోరు, స్టాన్లీ కప్ ఫైనల్ దాకా వెళ్లాడు. ఏడో మ్యాచులో ఆ కప్పూ చేజారింది. ఎన్‌హెచ్ఎల్‌లో అతను 200 పైచిలుకు మ్యాచులు ఆడినా ఎక్కడా కుదురుకోలేదు.

కారణం ఆట నడిచే తీరులోనే ఉంది. మ్యాచుకు పన్నెండు మంది ఫార్వర్డ్‌లు, ముగ్గురేసి నాలుగు లైన్లు. మొదటి రెండు లైన్లూ గోల్స్ కొట్టేవాళ్లవి. కింది రెండు లైన్ల పని వేరు. మంచు చుట్టూ ఉండే బోర్డు గోడ మీద నుంచి దూకి, నలభై అయిదు సెకన్లు ఎదుటివాడిని ఒంటితో ఢీకొట్టి, మూలల్లో పక్ (ఆడే రబ్బరు బిళ్ల) కోసం కుస్తీ పట్టి, ఆయాసంతో మళ్లీ బెంచీ మీద కూలబడాలి. ఆ పని బలమైన ఒళ్లున్నవాడికి ఇస్తారు. ప్రపంచంలో దాదాపు రెండొందో స్థానంలో ఉన్న గోల్ స్కోరర్ చిన్న ఒళ్లువాడైతే, అతనికి పై లైన్లలో చోటు దొరకదు, కింది లైన్ల పని అతనిది కాదు. హేడార్ పడింది సరిగ్గా ఈ సందులో. 2005లో పట్టుకోవడం, కర్ర అడ్డం పెట్టడం మీద రిఫరీలు కఠినమయ్యాక చిన్న ఆటగాళ్లకు దారి తెరుచుకున్న మాట నిజం. కానీ అప్పటికే అతనికి పాతికేళ్లు దాటాయి. ఉన్న ఖాళీలో జట్లు ఇరవై ఏళ్లవాడినే కూర్చోబెడతాయి.

పైన పిలుపు లేదు సరే, కింద అయినా నిశ్చింత ఉందా అంటే అదీ లేదు. అమెరికన్ హాకీ లీగ్ పుట్టింది 1936లో. ఇప్పుడు ఉన్న 32 జట్లలో ప్రతిదీ ఒక ఎన్‌హెచ్ఎల్ జట్టుకు అనుబంధం, అంటే కుర్రాళ్లను తయారుచేసే చోటు. మ్యాచులో దిగే 18 మందిలో, గోల్ కీపర్లు కాకుండా, కనీసం 13 మంది ఎదుగుతున్న ఆటగాళ్లే ఉండాలని నియమం. వాళ్లలో 12 మంది 260కి మించి, మిగిలిన ఒకరు 320కి మించి ప్రొఫెషనల్ మ్యాచులు ఆడి ఉండకూడదు. ఏడాదికి 72 మ్యాచుల లెక్కన 260 అంటే మూడున్నర సీజన్లు. ఇరవై రెండేళ్లకు డిగ్రీ చేత్తో పట్టుకుని బయటికొచ్చినవాడు ఇరవై ఆరేళ్లకే "వెటరన్" అయిపోతాడు. ఆపైన జట్టుకు అయిదే కుర్చీలు. శుక్ర, శని, ఆదివారాలు మూడు మ్యాచులు ఆడుతూ, బస్సులో తిరుగుతూ, ఆ అయిదు కుర్చీల్లో ఒకదాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడం చిన్న సంగతి కాదు.

కన్వల్‌జిత్ సింగ్ బౌలింగ్ చూసిన హైదరాబాద్ వాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. రెండు దశాబ్దాలు హైదరాబాద్ రంజీ జట్టుకు ఆఫ్ స్పిన్ వేశాడు, ఇండియా టోపీ రాలేదు. ఆయన్ని చాలని బౌలర్ అని ఇక్కడెవరూ అనరు.

ఇప్పుడీ పాత కథ తవ్వడానికి కారణముంది. కెనడా మేజర్ జూనియర్ లీగుల్లో, అంటే అక్కడి కుర్రాళ్ల పైస్థాయి లీగుల్లో, ఆడినవాళ్లను ప్రొఫెషనల్స్‌గా లెక్కగట్టి అమెరికా కాలేజీ హాకీ దశాబ్దాల పాటు దూరం పెట్టింది. 2024 నవంబరులో అమెరికా కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఆ రూలు ఎత్తేసింది. 2025 ఆగస్టు 1 నుంచి వాళ్లూ కాలేజీల్లో ఆడొచ్చు. ఆట స్థాయి పెరుగుతుంది, సందేహం లేదు. అయితే కాలేజీ జట్టులో చోట్లు మాత్రం పెరగలేదు. హేడార్ మిల్టన్‌లో ఆడింది మేజర్ జూనియర్ కాదు, దానికి కిందిదైన జూనియర్ ఏ. అలాంటి చిన్న ఊరి లీగు కుర్రాడికి కాలేజీ ఒక్కటే దారిగా ఉండేది. ఆ దారి ఇరుకవుతుందన్నదే నా దిగులు. పందొమ్మిదేళ్లప్పుడు 248వ పేరుగా ఉన్నవాడు ఎంత ఎదుగుతాడో చూడ్డానికి నాలుగేళ్లు ఓపిక పట్టే చోటు ఇంకెక్కడుంది?

2008 వేసవికి హేడార్, క్రాగ్ మళ్లీ ఒకే జట్టులో ఉన్నారు, షికాగో వోల్వ్స్‌లో. క్రాగ్ ఆ సీజన్లో 112 పాయింట్లు కొట్టాడు. ముందటేడు హేడార్‌కి వచ్చిన ఎంవీపీ ఈసారి అతనికి వచ్చింది. ఫైనల్లో విల్క్స్-బారీ/స్క్రాంటన్ జట్టుని ఓడించి ఇద్దరూ కాల్డర్ కప్ ఎత్తారు. ఆనహైమ్‌లో ఓడిన రాత్రికి అప్పటికి తొమ్మిదేళ్లు.

ఆ 1999 జట్టులోనే మైక్ సౌజా అని ఇంకొకడున్నాడు. అతనూ ఇదే కింది లీగులో ఆడి, ఇటలీ వెళ్లి ఆడాడు, ఎన్‌హెచ్ఎల్ చూడలేదు. 2018లో న్యూ హాంప్‌షైర్‌కి హెడ్ కోచ్ అయ్యాడు. ఎన్‌సీఏఏ రూలు మార్చిన రోజున కెనడా జూనియర్ స్టార్‌కి చోటివ్వాలా, మిల్టన్ లాంటి ఊరి కుర్రాడికి ఇవ్వాలా అని తేల్చుకోవాల్సిన కుర్చీలో డర్హమ్‌లో కూర్చున్నది అతనే.