కడుపు చెరువు, తూము కాడి నీరటి

మొన్న దసరాకు దేవరకొండ దగ్గర మా అక్క వాళ్ల ఊరికి పోతే మేనల్లుడు పట్టుకున్నాడు. "మామా, హోటల్ల నాలుగు ఇడ్లీలు తింటే పది కొట్టంగనే ఆకలైతది. అమ్మ చేసిన జొన్నరొట్టె రెండు తింటే రెండింటి దాక యాదికే రాదు. ఎందుకట్ల?"

"జొన్న బలం రా" అని అప్పటికి తప్పించుకున్నాను. అది జవాబు కాదని నాకూ తెలుసు. అసలు జవాబు వాళ్ల ఊరి చెరువు కట్ట మీద దొరికింది.

నోరు, పళ్లు, లాలాజలం సంగతి బడిలో అందరం చదివిందే. బొమ్మ గీసి, పేర్లు రాసి, మార్కులు తెచ్చుకున్నాం. ఆ బొమ్మలో జీర్ణాశయం ఒక సంచి, అంతే. ఆ సంచి కింది మూతను ఎవరు తీస్తారో, ఎవరు వేస్తారో మాకు ఏ సారూ చెప్పలేదు.

చెరువు నీళ్లన్నీ ఒకేసారి వదిలితే నారు కొట్టుకుపోతుంది. అందుకే కట్టకు తూము, తూముకు నీరటి. మళ్లు తడిసేదాన్ని బట్టి అతను తూము ఎత్తుతాడు, దించుతాడు. జీర్ణాశయం కూడా లీటరు, లీటరున్నర పట్టే చెరువే. దాని ఆయకట్టు ఆరు మీటర్ల చిన్నపేగు. తిండి ఒంటికి పట్టేది ఎక్కువగా అక్కడే. రెండింటి నడుమ ఉన్న పైలోరస్ అనే కండరపు వలయమే తూము.

ఈ తూము జల్లెడ పని కూడా చేస్తుంది. జీర్ణాశయం కింది భాగం నిమిషానికి 3 సార్లు అలలా ముడుచుకుంటూ తిండిని ముందుకు తోస్తుంది. ఒకటి రెండు మిల్లీమీటర్ల కన్నా సన్నగా నలిగిందే దాటుతుంది. మిగిలింది తూముకు కొట్టుకొని వెనక్కి వస్తుంది, మళ్లీ నలుగుతుంది. రెండు నములుళ్లకే మింగేవాళ్లు పళ్ల పని ఈ ఇసుర్రాయికి అప్పజెబుతున్నారన్న మాట.

మరి నీరటి ఎవరు? చెరువులో లేడు, కాలువ మొదట్లో ఉన్నాడు. చిన్నపేగు మొదటి జానెడు భాగం, ఆంత్రమూలం. పైనుంచి ఆమ్లం తగలగానే అది సెక్రిటిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. దాంతో క్లోమం క్షారపు నీళ్లు పంపి ఆమ్లాన్ని చల్లారుస్తుంది. కొవ్వు తగిలితే కొలెసిస్టోకైనిన్ బయల్దేరుతుంది. అది పిత్తాశయాన్ని పిండి పైత్యరసం తెప్పిస్తుంది, తూమునూ బిగిస్తుంది. ఇవన్నీ కలిసి నిమిషానికి సుమారు 2 నుంచి 4 కిలోకేలరీలకు మించి కిందికి పోనివ్వవు.

పేగు నుంచి క్లోమానికి ఈ కబురు నరాల తీగల మీదే పోతుందని ఒకప్పుడు అనుకునేవారు. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక కుక్క పేగు ముక్కకు నరాలన్నీ తెంపి అందులో ఆమ్లం పోశారు. అయినా క్లోమం రసం ఊరింది! అంటే కబురు రక్తంలో పోతోంది. 'హార్మోన్' అనే మాటను స్టార్లింగ్ 1905లో వాడుకలోకి తెచ్చాడు.

ఇప్పుడు మావాడి రొట్టె. ఇడ్లీ పిండి ముందే మెత్తగా రుబ్బింది, నూనె చుక్క ఉండదు. జల్లెడ ఆపదు, నీరటీ ఆపడు. జొన్నలో పిండి రేణువులను ప్రొటీన్ గట్టిగా చుట్టుకొని ఉంటుంది, అరగడం నిదానం. పైగా రొట్టెలోకి నూనె తేలే కూర. పేరంతా జొన్నకు పోతుంది గానీ, నన్నడిగితే సగం ఘనత మా అక్క కూరదే.

చెరువు నిండితే మత్తడి దుంకుతుంది, వాంతి కూడా అంతేనా? కాదు, పోలిక అక్కడ చెల్లదు. వాంతి మెదడు ఆజ్ఞ, పొట్ట కండరాలు పిండితే వచ్చేది. కానీ తూమే మూసుకుపోయే జబ్బు ఒకటుంది. మూడు నుంచి ఆరు వారాల పసిబిడ్డల్లో కొందరికి ఆ కండరం మందమై, తాగిన పాలు చిమ్మినట్టు బయటికి వస్తాయి. మా వాడకట్టులో ఒక బిడ్డకు నాలుగు రోజులు దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. ఒళ్లు ఎండిపోయాక డాక్టర్ దగ్గరికి తీసుకుపోతే స్కానింగ్‌లో తేలింది. చిన్న ఆపరేషన్‌తో నయమైంది. ఆ నాలుగు రోజులు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమే.

చెరువు ఎండినప్పుడే పూడిక తీస్తారు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక మా దిక్కు ఎన్నో చెరువుల్లో తీశారు, అదీ ఎండాకాలంలోనే. కడుపులోనూ అంతే. ఖాళీ అయ్యాక గంటన్నర, రెండు గంటలకోసారి పైనుంచి చిన్నపేగు చివరిదాకా ఒక బలమైన అల ఊడ్చుకుంటూ పోతుంది. పేగులు అరుస్తున్నాయని మనం అనేది చాలావరకు ఈ చప్పుడే. మధ్యలో పాల చాయ్, మిర్చి బజ్జీ పడ్డాయా, పని ఆగిపోతుంది. గంటగంటకూ ఏదో ఒకటి నమిలేవాళ్ల కడుపులో పూడిక తీతకు సందే దొరకదు.

ఇది చెబుతుంటే మేనకోడలు బిక్కమొహం వేసింది. పొద్దున సీతాఫలం గింజ మింగిందట, కడుపులో చెట్టు మొలుస్తుందని అన్న భయపెట్టాడట. జల్లెడలో పట్టని ఆ గింజ బయటపడేది కూడా పూడిక తీసే అలతోనే, అప్పుడు తూము బార్లా తెరుచుకుంటుంది. "అయితే చాక్లెట్ తిననా మామా?" అంది. ఇంకో రెండు గంటలు ఆగమన్నాను.